జిన్నింగ్ మిల్లు పైపులో మైక్రోవేవ్ బిగిస్తే ధూళిలోని బాక్టీరియా విషం పోతుందా?

గుణుపురం కరెంటోడు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను గుణుపురం దగ్గర పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్ని, ఐటీఐ చదివాను. మా మామయ్య కూడా ఇదే మిల్లులో పద్నాలుగేళ్లుగా జిన్ దగ్గర పత్తి వేస్తున్నాడు. ఆయనకీ, ఆ వరసలో ఉన్న ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లకీ ఒకటే గోల. ఆదివారం సెలవు అయ్యి సోమవారం పనిలోకి దిగారంటే మధ్యాహ్నానికి ఛాతీ బిగబట్టేస్తుంది, సాయంత్రం ఇంటికెళ్లాక చలీ ఒళ్లునొప్పులూ జ్వరం. మంగళవారానికి తగ్గుతుంది, గురువారానికి మామూలే. మళ్లీ సోమవారం మొదలు. సిగరెట్ కూడా తాగని మనిషి.

మా ఓనరు ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు, మైక్రోవేవ్‌తో గాలిలోని బాక్టీరియా విషాలు తగ్గించవచ్చని. ఇంట్లో మూలపడ్డ 800 వాట్ల ఓవెన్ తెచ్చి నా చేతిలో పెట్టి "దీని లోపలి సామాను తీసి ధూళి లాగే పైపుకి బిగించు" అన్నాడు. పైపు రేకుది, తొమ్మిదంగుళాలు, గాలిని సుడి తిప్పి ధూళిని కింద పడేసే సైక్లోన్ డబ్బా కంటే ముందు. ఎన్ని సెకన్లు తగిలితే చాలు? ఎక్కడ బిగించాలి? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి. పత్తి సీజను కదా, తొందరగా కావాలి.

నాగావళి నీళ్లు
సోమవారం, రాత్రి 9:52

సోమవారం జ్వరం నాకూ వస్తాది బావు, ఆఫీసు బ్యాగు చూడగానే. దానికీ ఓవెన్ ఉందేటి?

రాయగడ రిపేరు షాపు
సోమవారం, రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఆ ఓవెన్ మూత విప్పావా? విప్పకపోతే విప్పకు. విప్పేస్తే చెయ్యి పెట్టకు. ఇరవై ఏళ్లుగా ఇవే బాగుచేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. ట్రాన్స్‌ఫార్మర్ అవతల రెండు వేల వోల్టుల పైన ఉంటుంది, కెపాసిటరూ డయోడూ కలిసి మైక్రోవేవ్ పుట్టించే మాగ్నెట్రాన్‌కి నాలుగు వేల దాకా ఇస్తాయి. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్‌లో ఛార్జి నిలబడి ఉంటుంది. ఇంటి కరెంటే ప్రాణం తీస్తుంది, ఇది కొడితే మనిషి మిగలడు. టెస్టర్ పట్టుకుని ధైర్యంగా దిగే ఐటీఐ కుర్రాళ్లంటేనే నాకు ఎక్కువ టెన్షన్.

రెండోది, ఓవెన్ తలుపు అద్దంలో సన్న చిల్లుల జాలీ చూశావు కదా. ఆ కిరణాలు బయటికి రాకుండా ఆపేది అదే. మీరేమో బయటికే తెచ్చి పైపుకి బిగిస్తామంటున్నారు.

గుణుపురం కరెంటోడు
సోమవారం, రాత్రి 10:31

విప్పలేదన్నా, స్క్రూలు మాత్రం వదులు చేశాను. కానీ పైపు ఇనప రేకే కదా, లోపలే ఉండిపోదా?

జయపురం మాస్టారు
సోమవారం, రాత్రి 11:05

ఉండదు నాయనా. ఇంటి ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ మీద, అంటే తరంగం పొడుగు సుమారు 12 సెంటీమీటర్లు. గుండ్రని లోహపు గొట్టం వ్యాసం ఏడు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటే చాలు, ఆ తరంగం అందులో దారి చేసుకుని వెళ్లిపోతుంది. మీది తొమ్మిదంగుళాలు, అంటే దాదాపు 23 సెంటీమీటర్లు. కాలువలో నీళ్లు వెళ్లినట్టు వెళుతుంది. ఒకవైపు ఫ్యాను, రెండోవైపు? పత్తి వేసేవాళ్ల ముఖం ముందున్న మూతి. అంటే మీ మామయ్య కళ్లకే నేరుగా కొడుతుంది. కంటి కటకంలో రక్తనాళాలు ఉండవు, వేడెక్కితే చల్లబరిచేది ఏదీ లేదు. శుక్లాలు వస్తాయి.

లోపల ఎగిరేది దూది అని కూడా మరిచిపోవద్దు. పత్తిలో తీగముక్కో ఇనప మేకో వచ్చిందంటే ఓవెన్‌లో గిన్నె పెట్టినప్పటిలా టపటపా మెరుపులు వస్తాయి. ఎగిరే దూదిలో మెరుపంటే ఏమవుతుందో జిన్నింగ్ మిల్లువాళ్లకి నేను చెప్పాలా?

గుణుపురం కరెంటోడు
సోమవారం, రాత్రి 11:12

వామ్మో. పోయినేడు అలాగే ఒక కుప్ప తగలబడింది మాస్టారూ, ఒక మేకు వల్లే. సరే, పైపు ఆలోచన ఆపేశాను. కానీ విషం సంగతి? అది నిజమేనా, లేకపోతే వీడియోవాడి కోతలా?

బరంపురం ల్యాబక్క
మంగళవారం, ఉదయం 6:50

విషం సంగతి నిజమే. నేను చాలాకాలం సెలైన్ బాటిళ్లు, ఇంజెక్షన్ల పరీక్షల ల్యాబులో చేశాను, దీంతోనే కాపురం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

బాక్టీరియాలో గ్రామ్ నెగెటివ్ అనే జాతి ఉంది. వాటి పైతోలులో కొవ్వూ చక్కెరా కలిసిన పదార్థం ఒకటి ఉంటుంది, దాన్నే ఎండోటాక్సిన్ అంటారు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కలరా క్రిములతో పనిచేస్తూ చూశాడు, చచ్చిన క్రిములు కూడా జంతువుకి హాని చేస్తున్నాయని. ఆ చచ్చిన అన్న మాట దగ్గర ఆగండి. ఈ విషాన్ని క్రిమి బతికుండగా పెద్దగా బయటికి వదలదు. అది దాని తోలే. క్రిమి చచ్చి ముక్కలైతే ఆ తోలు ఇంకా చిన్న తునకలై గాలిలోకి లేస్తుంది. పత్తి ఆకు మీదా కాయ తొడిమ మీదా ఇలాంటి బాక్టీరియా సహజంగానే బతుకుతుంది. పత్తితోపాటు వచ్చిన ఆకు తుక్కు జిన్‌లో నలిగి పొడై పైకి లేస్తుంది. మీ మామయ్య పీల్చేది అదే.

ఊపిరితిత్తుల్లో మన రక్షణ కణాలకి టీఎల్ఆర్-4 అని ఒక గొళ్లెం ఉంటుంది. ఎండోటాక్సిన్ అందులో పడగానే అవి గోల మొదలుపెడతాయి. ఈ గొళ్లెం ఇదేనని 1998లో తేల్చిన బ్రూస్ బాయిట్లర్‌కి 2011లో నోబెల్ వచ్చింది. ఆ గోలే ఛాతీ బిగుతు, పీల్చిన నాలుగైదు గంటలకి చలిజ్వరం. రోజూ పీలిస్తే ఒంటికి కొంత అలవాటై తగ్గినట్టుంటుంది, ఒక్కరోజు సెలవిస్తే ఆ అలవాటు పోతుంది. అందుకే సోమవారం. పత్తి కార్మికుల్లో ఈ సోమవారపు ఛాతీ బిగుతు పేరు బిస్సినోసిస్. చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది, నాగావళి గారు నవ్వుకునే జ్వరం కాదు.

ఇక వేడి. మేము ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి పెడితే క్రిములన్నీ చస్తాయి, మొండి బీజాలతో సహా. ఎండోటాక్సిన్‌కి మాత్రం దాని మీద నమ్మకం పెట్టుకోలేం. గాజు సీసాలకి పొడి వేడి 250 డిగ్రీలు, అరగంట. అప్పటికి వెయ్యి వంతుల్లో ఒక వంతుకి దిగిందా అని పరీక్షించి చూస్తాం. ఇప్పుడు చెప్పండి, పైపులో రివ్వున పోయే ధూళికి ఆ అరగంట ఎక్కడిది?

నాగావళి నీళ్లు
మంగళవారం, ఉదయం 7:20

తప్పైంది అక్కా. మామయ్య గారి గురించి అలా అనకుండా ఉండాల్సింది.

పర్లాకిమిడి ఎమ్మెస్సీ
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను మైక్రోబయాలజీ చదువుతున్నాను. మీరంతా కలిసి మైక్రోవేవ్‌ని మరీ తీసిపారేస్తున్నారు అనిపిస్తోంది. పెకింగ్ యూనివర్సిటీ వాళ్లు 2010 ప్రాంతంలో గాలిలో తేలే బాక్టీరియా మీదా బూజు బీజాల మీదా మైక్రోవేవ్ పెట్టి చూశారు, బాగానే తగ్గాయి. ఫ్లోరిడా యూనివర్సిటీలో ఇంకో దారి పట్టారు. గాలిని ముందు ఫిల్టర్ గుండా పంపి క్రిముల్ని దాని మీద పట్టుకోవడం, తర్వాత ఆ ఫిల్టర్‌ని మైక్రోవేవ్‌తో కాల్చడం. మైక్రోవేవ్‌ని బాగా పీల్చుకునే సిలికాన్ కార్బైడ్ లాంటిది పక్కన పెడితే అది బాగా వేడెక్కి ఫిల్టర్‌కి వేడి ఇస్తుంది. అంటే దారి లేకపోలేదు కదా అక్కా?

జయపురం మాస్టారు
మంగళవారం, సాయంత్రం 4:45

రెండింటికీ తేడా ఉందమ్మా. మైక్రోవేవ్ ముఖ్యంగా నీటి అణువుల్ని ఊపి వేడి పుట్టిస్తుంది. మజ్జిగ గ్లాసు వేడెక్కుతుంది, ఖాళీ గాజు గ్లాసు అంతగా వేడెక్కదు. గాలి అసలే వేడెక్కదు. ఎండిన పత్తి ధూళిలో నీరెంత? పోనీ ఆ రేణువు ఎలాగో వేడెక్కిందనుకో. ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు రేణువు చుట్టూ చల్లగాలి ఉంది. నేను కాగితం మీద లెక్క వేశాను, ఆ వేడి సెకనులో లక్షో వంతు పాటి సమయంలోనే గాలిలో కలిసిపోతుంది. వేడి వేడి బఠాణీని నాగావళిలో పడేసినట్టు.

పోనీ గాలినంతా హీటర్‌తో 250కి తెద్దాం అంటారా? గంటకి వెయ్యి ఘనపు మీటర్లు అనుకుందాం, ఇది చిన్న ఫ్యాను మాటే. 1200 కిలోల గాలి. 30 నుంచి 250 డిగ్రీలకి పెంచాలంటే 73 కిలోవాట్లు కావాలి. మీ ఓనరు ఓవెన్ 800 వాట్లు. అలాంటివి తొంభై పైచిలుకు పెట్టుకోవాలి, అది కూడా వాటి వేడి మొత్తం గాలికి చేరితే.

ఫిల్టర్ మీద పట్టి కాల్చడం మాత్రం తెలివైన పని, ఒప్పుకుంటాను. అక్కడ ధూళి కదలదు, అరగంట కాదు గంటైనా కాల్చుకో.

బరంపురం ల్యాబక్క
మంగళవారం, రాత్రి 8:30

పర్లాకిమిడి చెల్లీ, నువ్వు చెప్పిన ప్రయోగాలు నిజమే. కానీ వాళ్లు లెక్కపెట్టింది ఏమిటో చూడు. పళ్లెంలో పెంచితే ఎన్ని క్రిములు మొలిచాయన్నది. మొలవలేదంటే చచ్చినట్టే, సరే. చచ్చినదాని తోలు ఎక్కడికి పోయింది? విషం ఉందో లేదో పళ్లెం చెప్పదు, దాని పరీక్ష వేరు.

ఆ పరీక్ష మన ఒడిశావాళ్లకి బంధువే. బాలాసోర్ తీరంలో గుర్రపు డెక్కలా ఉండే పీత దొరుకుతుంది కదా, దాని రక్తం నీలం, అందులో రాగి ఉంటుంది కాబట్టి. అమెరికా తీరంలో దాని దాయాది ఒకటుంది. దాని రక్తకణాల సారంలో ఎండోటాక్సిన్ రవ్వంత తగిలినా గడ్డకడుతుంది. బ్యాంగ్, లెవిన్ అనే ఇద్దరు 1960లలో దీన్ని కనిపెట్టారు. ఇంజెక్షన్‌కి వాడే నీళ్లలో మిల్లీలీటరుకి 0.25 ఎండోటాక్సిన్ యూనిట్లు దాటకూడదు, మేము దీంతోనే చూసేవాళ్లం. మొదటిసారి నా టెస్ట్ ట్యూబు తలకిందులు చేస్తే గడ్డ జారకుండా అడుగునే అతుక్కుని ఉండిపోయింది. ఆ బ్యాచి మొత్తం పారబోశారు, ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇప్పుడు పీతని బాధపెట్టకుండా ల్యాబులోనే తయారుచేసిన ప్రొటీన్‌తో కూడా చేస్తున్నారు. ఆ దారి సింగపూర్‌లో దొరికింది.

గాలికి నెదర్లాండ్స్‌లో 2010లో సిఫారసు చేసిన హద్దు ఘనపు మీటరుకి 90 యూనిట్లు, ఎనిమిది గంటల సగటు. అందుకే క్రిములు 90 శాతం చచ్చాయి అని ఎవరైనా డబ్బా అమ్మితే నేను అడిగేది ఒక్కటే, యూనిట్లు ఎంత తగ్గాయి? యూవీ దీపానికీ ఇదే ప్రశ్న.

పర్లాకిమిడి ఎమ్మెస్సీ
మంగళవారం, రాత్రి 8:48

ఆహా, ఇది మా క్లాసులో ఎవరూ ఇలా విడదీసి చెప్పలేదు. క్రిమిని చంపడం వేరు, విషాన్ని తీయడం వేరు. ఫిల్టర్ మాత్రం నేను వదలను అక్కా. ఫిల్టర్ మీదికి రాగానే విషం గాలిలోంచి పోయినట్టే కదా, ఇక మైక్రోవేవ్ ఎందుకసలు?

బరంపురం ల్యాబక్క
మంగళవారం, రాత్రి 8:55

అదే! నువ్వే అన్నావు. ఆ ఫిల్టర్‌ని దులిపి మళ్లీ ఎగరేయకుండా ఉంటే చాలు. సన్న ధూళిని పట్టే మామూలు హెపా ఫిల్టర్‌ని ఓవెన్‌లో పెట్టకు మళ్లీ. వాటిలో చాలావాటికి ప్లాస్టిక్ దారాలే, అవి 160 డిగ్రీల దగ్గరే కరుగుతాయి, విషానికి 250 కావాలి.

మునిగుడ పత్తి
బుధవారం, ఉదయం 5:40

నేను పత్తి వేసే రైతుని. తప్పంతా ఆకు తుక్కుది అన్నట్టు రాస్తున్నారు. మాకూ బాధలున్నాయి. పత్తి విచ్చాక వాన పడితే తడిసి నల్లబడుతుంది, ఏరేవాళ్లు దొరకరు, దొరికినవాళ్లు కిలోకి ఇంత అని లాగేస్తారు, ఆకూ తొడిమా అన్నీ కలిపి గోతంలోకి. తూకం ఎక్కువొస్తుంది కదా అని మేమూ ఊరుకుంటాం, అబద్ధం ఎందుకు. మిల్లువాళ్లు శుభ్రమైన పత్తికి రూపాయి ఎక్కువ ఇస్తే మేమూ శుభ్రంగా ఏరిస్తాం.

ఇంకోటి. మా పిల్లలు పేడ కళ్లం పక్కనే పెరిగారు, ఆ ధూళి మింగే పెరిగారు, ఒక్కడికీ ఆయాసం లేదు. పట్నం పిల్లలకే ఇన్‌హేలర్లు.

బరంపురం ల్యాబక్క
బుధవారం, ఉదయం 7:15

అన్నా, తడిసిన పత్తి మాట నూటికి నూరు పాళ్లు నిజం. తడి తగిలితే బాక్టీరియా పెరుగుతుంది. ఏరేటప్పుడే తుక్కు తగ్గితే మిల్లులో సగం పని అయిపోయినట్టే. పిల్లల మాటకి కూడా ఆధారం ఉంది. యూరప్‌లో పల్లె పిల్లల పరుపుల్లో ఎండోటాక్సిన్ ఎక్కువున్న ఇళ్లలో ఉబ్బసం, అలర్జీ తక్కువ కనబడ్డాయని 2002లో ఒక పరిశోధన వచ్చింది. కానీ అది పసితనంలో ఇంటి ధూళి. మామయ్య గారిది యాభై ఏళ్ల ఒంట్లోకి ఎనిమిది గంటల మిల్లు ధూళి. ఉగ్గులో ఉప్పు వేశాం కదా అని గుప్పెడు తినం కదా.

నాగావళి నీళ్లు
బుధవారం, ఉదయం 9:02

మరి వంటింటి స్పంజి? మా ఆవిడ ఓవెన్‌లో పెట్టి క్రిములు చంపుతున్నా అంటుంది. అది కూడా ఆపాలా?

జయపురం మాస్టారు
బుధవారం, ఉదయం 9:30

ఆపక్కర్లేదు, తడిగా ఉంటే. రెండు నిమిషాలు. నీరుంది కాబట్టి ఆవిరి పుట్టి క్రిములు చస్తాయి, గిన్నెలకి అది చాలు, స్పంజిని మనం పీల్చం కదా. పొడి స్పంజి పెడితే పొగా మంటా వస్తాయి. తీగ స్క్రబ్బరు పెట్టనివ్వకండి.

గుణుపురం కరెంటోడు
గురువారం, రాత్రి 9:20

ఓనరుతో మాట్లాడాను. ముందు మొహం ముడుచుకున్నాడు, "నువ్వు చదువుకున్నోడివి, చేతకాదని చెప్పు" అన్నాడు. మాస్టారి 73 కిలోవాట్లు, కరెంటు బిల్లు లెక్క చెప్పాక చల్లబడ్డాడు. మేకు మంట గుర్తు చేశాక ఇంకా చల్లబడ్డాడు. "మరి ఏం చేద్దాం, నువ్వే చెప్పు" అన్నాడు. ఏం చెప్పమంటారు? డబ్బు మాత్రం ఎక్కువ పెట్టడు.

రాయగడ రిపేరు షాపు
గురువారం, రాత్రి 9:45

సాయంత్రం మిషన్లు ఎలా శుభ్రం చేస్తారు? ఎయిర్ గన్‌తో ఊదేస్తారా?

గుణుపురం కరెంటోడు
గురువారం, రాత్రి 9:47

అవునన్నా, కంప్రెసర్‌తో. తర్వాత చీపుళ్లతో ఊడుస్తారు. పది నిమిషాలు మిల్లులో మనిషికి మనిషి కనబడడు.

రాయగడ రిపేరు షాపు
గురువారం, రాత్రి 9:58

అక్కడ పట్టుకో ముందు. గన్ ఆపించు. పెద్ద వ్యాక్యూమ్ మిషన్ సెకండ్ హ్యాండ్ దొరుకుతుంది, పార్వతీపురంలో అడుగు. రెండోది, లాగే పైపు మూతి జిన్‌కి ఎంత దూరం ఉంది? అది జానెడు దూరంలో ఉంటే లాగుతుంది, రెండు మూరలు దూరం పెడితే ఫ్యాను ఎంత పెద్దదైనా ఊరికే తిరుగుతుంది. రేకుతో మూడు వైపులా పెట్టెలా మూసి పత్తి వేసే వైపు మాత్రం తెరిచి ఉంచు. ఎలక్ట్రీషియన్‌వి కదా, వెల్డింగ్ కుర్రాణ్ణి పట్టుకుంటే ఒక్కరోజు పని. వెల్డింగ్ మాత్రం పత్తి లేని చోట.

బరంపురం ల్యాబక్క
గురువారం, రాత్రి 10:20

సైక్లోన్ నుంచి వచ్చే గాలి ఎక్కడ పడుతోంది చూడు. సైక్లోన్ పెద్ద రేణువుల్ని కింద పడేస్తుంది, సన్నటివి పైనుంచి పోతాయి, మనకి చేటు చేసేవి ఆ సన్నటివే. ఆ గొట్టం షెడ్డు లోపలే తెరుచుకుంటే చేసిందంతా వృథా. ఈలోగా ఎన్-95 మాస్కులు ఇప్పించండి, పాత చున్నీ కట్టుకుంటే పెద్ద తుక్కు ఆగుతుంది అంతే. తడిస్తే మార్చాలి.

మామయ్య గారిని ఆసుపత్రికి తీసుకెళ్లు. సోమవారం పొద్దున పనికి ముందు ఒకసారి, సాయంత్రం పని దిగాక ఒకసారి ఊదే పరీక్ష చేయించు. మొదటి సెకనులో ఎంత గాలి ఊదారన్న అంకె రెండు పూటలకీ తేడా వస్తుంది, డాక్టరుకి అదే కావాలి. బుధవారమో గురువారమో వెళితే అంతా బాగుంది పొమ్మంటారు. పత్తి మిల్లులో పని అని గట్టిగా చెప్పు, చెప్పకపోతే ఉబ్బసం అని రాసేస్తారు.

గుణుపురం కరెంటోడు
మరుసటి మంగళవారం, రాత్రి 8:10

పనులయ్యాయి, సగం. పైపు మూతి జానెడు దూరానికి జరిపి చుట్టూ రేకు పెట్టాం. సైక్లోన్ గొట్టం అక్క చెప్పినట్టే షెడ్డు లోపలికే ఉంది! ఇన్నేళ్లూ ఎవరూ తలెత్తి చూడలేదు. మోచేయి ముక్క వేసి గోడ బయటికి తిప్పాను. బయటికి పోయిన తొలిరోజే వెనక ఉన్న వేపచెట్టు ఆకులు తెల్లగా మంచు పడ్డట్టయ్యాయి, చూసి ఓనరే కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు దానికో గుడ్డ సంచి ఫిల్టర్ పెట్టాలి అంటున్నాడు. గన్ మాత్రం ఇంకా ఆపలేదు, వ్యాక్యూమ్ ధర చూసి "వచ్చే సీజనుకి" అన్నాడు.

నిన్న సోమవారం మామయ్యని రెండు పూటలా ఊదించాం. సాయంత్రం అంకె తగ్గింది. డాక్టరు గారు కాగితం పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు, పని చోటు మార్చమన్నారు. మామయ్య ఒప్పుకోవట్లేదు, దూదిని బేళ్లు కట్టే ప్రెస్ దగ్గరైతే రోజుకి యాభై తక్కువట.

రాయగడ రిపేరు షాపు
మరుసటి మంగళవారం, రాత్రి 8:40

ఆ యాభై ఓనరు దగ్గరే అడుగు, ఇప్పుడు అడిగితే ఇస్తాడు, వేపచెట్టు చూశాడు కదా. ఇంతకీ ఆ ఓవెన్ ఏం చేశావు?

గుణుపురం కరెంటోడు
మరుసటి మంగళవారం, రాత్రి 8:44

మా ఇంటికే తెచ్చుకున్నాను అన్నా, పనిచేస్తోంది. స్క్రూలు బిగించేశాను. మా వాడు మాత్రం లోపలి గుండ్రటి అయస్కాంతాలు కావాలని పీకి ఇమ్మంటున్నాడు.

రాయగడ రిపేరు షాపు
మరుసటి మంగళవారం, రాత్రి 8:46

వద్దు! మాగ్నెట్రాన్‌లో పింగాణీ ముక్క ఉంటుంది, కొన్నింటిలో అది బెరీలియం ఆక్సైడ్‌ది. పగిలి పొడి పీల్చాడంటే మామయ్య కంటే వాడికే ఎక్కువ ప్రమాదం. పాడైన స్పీకర్లు నా షాపులో బుట్టెడు ఉన్నాయి, ఆదివారం వచ్చి వాడికి రెండు అయస్కాంతాలు తీసుకెళ్లు.